నాయినమ్మ జీడి చుక్క

మా ఇంట్లో మందులూ విషాలూ ఒకే బుట్టలో ఉండేవి. అటక మీద, ఎలుకలు కూడా పక్కనుంచి తప్పుకుపోయే మూలన, నాయినమ్మ వెదురు బుట్ట. అందులో ముష్టి గింజలు, గన్నేరు వేరు, ఎండిన ఉమ్మెత్త ఆకులు, నేపాళం గింజలు, పాత చీర పేలికలో మూటగట్టిన నల్లజీడి గింజలు. ఏది మందో ఏది విషమో బుట్టను చూసి చెప్పలేం. నాయినమ్మను అడగాలి. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే.

"గోరంత వెడితె మందు. గుప్పెడు వెడితె దినాల కూడు."

ఆ గోరు ఎవరిదో మాత్రం చెప్పేది కాదు. ఆమె బొటనవేలి గోరు మా బాపు పొగాకు డబ్బీ మూతంత ఉండేది.

పొరుగింటి తాతకు దమ్ము. ఆయనకు ఉమ్మెత్తాకు చుట్టి ఇచ్చేది. పొగ పీలిస్తే ఆయాసం తగ్గేది. ఓసారి తాత ఆశకొద్దీ రెండో చుట్ట కూడా కాల్చాడు. ఆయాసం పూర్తిగా పోయింది. కాకపోతే ఆ సాయంత్రమంతా ఇంటి దూలంతో పొలం గట్టు పంచాయితీ పెట్టుకున్నాడు. చివరికి దూలమే నెగ్గిందని బావి దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నారు. కడుపు కడిగే నేపాళం కథ నేను చెప్పను. అది మింగిన మనిషి ఇంకా ఊళ్లోనే ఉన్నాడు, పరువు గలవాడు.

నేను ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాను. మిల్లు పక్క మందుల దుకాణంలో కాంపౌండరు ఓసారి నాకొక చిన్న సీసా చూపించాడు. అది ముష్టి గింజల నుంచే తీస్తారట, ఆకలి పుట్టడానికి ఇస్తారట, చుక్క ఎక్కువైతే మనిషి విల్లులా వంగి పోతాడట. సీసాకు ఎర్ర లేబులు అంటించి ఉంది. మా నాయినమ్మకు లేబులు లేదు. అంతే తేడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బుట్ట వల్ల నా పెండ్లి కొద్దిలో తప్పిపోయేది.

పిల్లది నిర్మల్ అవతల ఊరు. చూపులకు పోయినప్పుడు మా అక్క ఆనవాయితీ ప్రకారం "పిల్ల పాటలు పాడుతదా?" అని అడిగింది. నేను ఊరుకోవాల్సింది. ఊరుకునే అలవాటు నాకు లేదు.

"పాడకున్నా నడుస్తది అక్కా. మిల్లు చప్పుడుకు నా చెవులు సగం పోయినయి" అన్నాను.

చాప మీద తల వంచుకుని కూర్చున్న పిల్ల, ఆ తల ఎత్తకుండానే అంది.

"గట్లయితె సగమే పాడుత."

గదిలో అందరూ ఒక్కసారి గొంతులు సవరించుకున్నారు. అప్పటిదాకా నా మాట మీద మాట వేసినవాళ్లు లేరు. తిట్టినవాళ్లు ఉన్నారు, అది వేరు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నాకు అక్కడే తేలిపోయింది.

పిల్ల మేనమామకు మాత్రం నేను నచ్చలేదు. ఆయన భైంసాలో పత్తి అడ్తీదారు. భారీ మనిషి, మొహం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. "పిలగాడు మస్తు మాట్లాడుతుండు" అని నా ఎదుటే మా బాపుతో అన్నాడు. ఆయన చేతిలో ఇంకో సంబంధం ఉంది. భైంసాలో పెండ్లిళ్లకు పెట్రోమాక్స్ దీపాలు కిరాయికి ఇచ్చే ఇంటి అబ్బాయి. "ఒక్క మాట మాట్లాడడు. దీపం లెక్క కూసుంటడు" అని మెచ్చుకున్నాడు. అయినా పిల్ల తల్లిదండ్రులు నావైపే మొగ్గారు. మూఢం రాబోతోంది కాబట్టి దానికి ముందున్న ఆఖరి లగ్గం ఖాయమైంది. అది తప్పితే నెలలు ఆగాలి. అన్ని నెలలు దీపం ఆరకుండా ఉంటే నా గతి ఏమిటి?

పెండ్లి వారం ఉందనగా సెలవు పెట్టి ఊరికి వచ్చాను. ఎర్ర బస్సు దిగుతూ, ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకో చేత్తో కొత్త చెప్పులు పట్టుకుని, బస్సు ఆగకముందే కాలు కింద పెట్టాను. పెట్టె క్షేమంగా దిగింది. చీలమండ బెణికింది. నన్ను ఇంటికి మోసుకుపోతుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ "ఏమైందిరా?" అని అడిగాడు. "ఏంలేదు, పెండ్లికొడుకును గద, నడవొద్దన్నరు" అని చెప్పాను.

నాయినమ్మ కాలు చూసి అటకెక్కింది. ఆ వయసులో ఆమె అటకెక్కే వేగం చూస్తే రోగి సగం కోలుకుంటాడు, మిగతా సగం పారిపోవాలనుకుంటాడు.

నల్లజీడి అంటే మా వైపు అందరికీ తెలుసు. చాకలాయన బట్టలకు గుర్తు పెట్టేది ఆ గింజ రసంతోనే. బండకేసి ఎంత బాదినా పోదు, బట్ట చిరిగినా గుర్తు మిగులుతుంది. అదే రసం నొప్పి ఉన్నచోట చుక్కలుగా పెడితే నొప్పిని లాగేస్తుంది. నాయినమ్మ సూదికి గింజ గుచ్చి ఆముదం దీపం మీద కాచింది. గింజ చిటచిటమంటూ నల్లటి నూనె కక్కింది.

"కండ్లు మూసుకో కొడుక. మొకం అటు తిప్పు. ఎక్కిరియ్యకు. జీడికి నవ్వులాటలు పడయి."

"జీడికి పడయా, నీకు పడయా?"

అని అంటూ, అసలు ఏం చేస్తోందో చూద్దామని ముందుకు వంగాను. పొగ నేరుగా మొహానికి కొట్టింది. ఆమె చీలమండ చుట్టూ చుక్కలు పెట్టి, పైన సున్నం అద్దింది. ఇక కాలు ముట్టవద్దంది. దురద పుడితే మనిషి ఏం చేస్తాడు? కాలు గోక్కుని, అదే చేత్తో మెడ తుడుచుకున్నాను.

మరునాడు నొప్పి తగ్గింది. నిజం చెప్పాలి, బాగా తగ్గింది. పశువుల కొట్టందాకా పోయి వచ్చాను. నాయినమ్మ గడప మీద కూర్చుని, జిల్లా మొత్తం తన చేతిలో ఉన్న కలెక్టరులా నా నడక చూసింది.

ఆ మర్నాడు పొద్దున అద్దంలో ఎవరో కొత్త చుట్టం కనిపించాడు. మా వంశంలో అంత బలిసినవాడు లేడు. కళ్లు గీతలైపోయాయి, పెదవులు ఉబ్బాయి, నుదుటి నుంచి మెడ దాకా నీటి పొక్కులు. అవ్వ, అంటే మా అమ్మ, నీళ్ల కుండతో లోపలికి వచ్చి నన్ను చూసి కుండ వదిలేసింది. పాత కుండే లెండి.

నాయినమ్మ వచ్చి చూసింది. రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, పోచమ్మా! లగ్గమింటికి నడిసొచ్చినవా!"

మశూచిని మా వైపు ఆ పేరుతో పిలవరు. తల్లి వచ్చింది, తల్లి పోసింది అంటారు. ఆ మనిషి ఒంట్లో దేవత ఉన్నట్టే లెక్క.

"నాయినమ్మా, నేను. తల్లిని కాదు."

"నువ్వు మాట్లాడకు. లోపల తల్లి ఉన్నది."

"లోపల జీడి ఉన్నది. మొన్న నువ్వు వెట్టిందే."

"నా జీడా? నేను కాపురానికి వచ్చినకాంచి వెడుతున్న. ఒక్కల మొకమన్న వాసిందా? పోయెటోళ్లు పోయిండ్రు గని, మొకం వాసినోడు లేడు."

చొక్కా చెయ్యి పైకి మడిచి మిల్లులో వేయించుకున్న టీకా మచ్చ చూపించాను. అది ఉన్నవాడికి మశూచి రాదని అక్కడి హెల్త్ ఇన్‌స్పెక్టరు చెప్పాడని వివరించాను. అప్పటికే గుంపుగా చేరిన ఆడవాళ్లలో ఒకామె దగ్గరికొచ్చి మచ్చను పరీక్షగా చూసింది.

"గదీ సంగతి! సూదితోని పొడిపిచ్చుకుండు. తల్లికి కోపం రాదా మరి?"

నాకున్న ఒకే సాక్ష్యం అలా అవతలి పక్షానికి పోయింది.

ఇక్కడ నా ఇబ్బంది ఒకటి చెప్పాలి. నా మాటంటే ఊళ్లో అందరికీ ఇష్టమే, నమ్మకమే లేదు. ఓసారి గడ్డివాము అంటుకుందని నేను పరుగెత్తుకొస్తే, బాపు చుట్ట చూపించి "జర నిప్పు తెచ్చేది ఉండె" అన్నాడు. ఇప్పుడు కూడా ఆయన మంచం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"నిజంగ జీడేనారా?"

"నిజంగ బాపూ."

"నువ్వు నిజంగ అంటెనే నాకు భయమైతది" అని బయటికి పోయాడు.

గుమ్మానికి వేపమండలు కట్టారు. నన్ను వేపాకు మీద పడుకోబెట్టారు. తల్లి ఉన్న ఇంట్లో పోపు పెట్టకూడదు, మూకుడు కాగకూడదు. అరిసెల కోసం పట్టిన పాకం చూస్తుండగానే దిక్కులేనిదైంది. నాకు చల్ల, పెరుగన్నం. మందు ఇవ్వకూడదు, తల్లిని తరిమినట్టవుతుంది. వచ్చిన ఆడవాళ్లు నా కాళ్ల దగ్గర పసుపు నీళ్లు చల్లి, "సల్లంగ సూడు తల్లీ" అని మొక్కారు. నన్ను చిన్నప్పుడు జామకాయలకు తరిమికొట్టిన ముసలామె కూడా మొక్కింది. అది ఒక్కటీ బాగుంది.

"తల్లీ, మా బర్రె ఎన్నడీనుతది?" అని ఒకామె అడిగింది.

"బర్రెనడుగు" అన్నాను.

"సూసిండ్రా, తల్లి కోపం మీదున్నది" అని వాళ్లు ఇంకో కుండెడు పసుపు నీళ్లు తెచ్చారు.

మధ్యాహ్నం జనం పోయాక చూస్తే అవ్వ తలుపు వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపలికి రాదు, బయటికి పోదు. నాకంటే ముందు పుట్టిన అన్న ఒకడు ఈ తల్లికే పోయాడని నాకు తెలుసు. వాడిని కూడా ఇదే మంచం మీద, ఇట్లాగే వేపాకు మీద పడుకోబెట్టారట. అవ్వా, ఇది జీడే, ఫికర్ చెయ్యకు అందామనుకున్నాను. వేరే ఏదైనా నవ్వు మాట వెతికాను. దొరకలేదు.

ఊరి వార్తలు మోసేది బస్సు కండక్టరే. టికెట్టు కూడా అడగడు. పెండ్లికొడుక్కి తల్లి పోసిందన్న కబురు మరుసటి బస్సుకే నిర్మల్ దాటింది. ఆ తర్వాతి బస్సుకు పిల్ల మేనమామ దిగాడు. తల్లి ఒకసారి వచ్చి పోయిన ఒంటికి మళ్లీ రాదు, ఇది ఊరూరా ఎరిగిన సంగతే. అందుకే భయపడకుండా దగ్గరికిపోయి చూసి రమ్మని ఆయన్నే పంపారు. ఆ మచ్చలే ఆయనకు టికెట్టు.

ఆయన మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చి, నన్ను కిందికీ మీదికీ చూసి, మా బాపువైపు తిరిగాడు. ఆయన గొంతులో దుఃఖం ఉంది కాని, నిలకడగా లేదు.

"అన్నా, తల్లి ఉన్న ఇంట్ల లగ్గమెట్ల జేస్తం? మూఢం ఎల్లినంక సూద్దాం. గప్పటిదాక పిల్లను గిట్లనే ఉంచుకునుడంటె... మా బావ గూడ పరేషాన్ల ఉన్నడు."

పెట్రోమాక్స్ దీపం వెలుగు నా కళ్ల గీతల్లోంచి కూడా కనిపించింది.

"మామా, గిది తల్లి కాదు. జీడి వాపు. నమ్ము" అన్నాను.

"అల్లుడా, నువ్వు పండుకో" అన్నాడాయన.

అప్పటికి నాయినమ్మకు ఓపిక అయిపోయింది. ఇంటికొచ్చిన ప్రతి మనిషి దగ్గరా నేను ఆమె జీడిని ఆడిపోసుకుంటున్నాను కదా.

"ఏ ఊరోడివో నువ్వే సెప్పు నాయినా. నా జీడి అసుంటిదేనా? నీ మోకాలు పట్టుకుపోయింది గద? వెడుత, సూడు. రేపటికి ఉరుకుతవు."

"వద్దు మామా" అన్నాను.

"ఊకెనే వెడుతవా పెద్దమ్మా, పైసల్లేకుంట?" అని అడిగాడు మామ. అడ్తీదారు కదా.

"ఊకెనే."

అంతే, ధోతి పైకి లాగి కూర్చున్నాడు. సూది వచ్చింది, దీపం వచ్చింది, గింజ చిటచిటమంది. మొకం అటు తిప్పమని నాయినమ్మ చెప్పింది. పత్తి బేళ్లలో తడి ఉందా లేదా అని వంగి వంగి చూసే అలవాటున్న మనిషి, గింజ మీదికి కూడా అట్లాగే వంగాడు. నూనె ఎట్లా కారుతుందో వేలితో అద్దుకుని చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను. అవి ఎట్లాగూ మూసే ఉన్నాయి.

మరునాడు మోకాలి నొప్పి లేక ఆయన ఒళ్లెరగకుండా నిద్రపోయి పొద్దుటి బస్సు పోగొట్టుకున్నాడు. మా ఊరికి వేరే బస్సు లేదు. కోడిని కోస్తారని ఆశపడి, తల్లి ఉన్న ఇల్లు కాబట్టి పెరుగన్నం తిని, పగలంతా వాకిట్లో పచార్లు చేశాడు. మధ్యాహ్నానికి ముక్కు గోక్కోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం దీపాలు పెట్టకముందే వాకిట్లోంచి పెద్ద కేక.

"వచ్చింది! నాకూ తల్లి వచ్చింది!"

బయటికి తొంగి చూశాను. మామ మొహం గుమ్మడికాయంత అయింది. ముక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియడంలేదు. నాకంటే ఆయనకే ఎక్కువ వచ్చింది, ఒప్పుకోవాలి. ఆడవాళ్లు వేపమండల కోసం పరుగెత్తారు. ఎవరో అప్పుడే ఆయన కాళ్ల మీద పసుపు నీళ్లు పోశారు. నాయినమ్మ చేతులు జోడించబోయింది.

తలుపు వెనక నుంచి అవ్వ బయటికి వచ్చింది. మూడు రోజులుగా నోరు విప్పని మనిషి, ఆయన ఎదురుగా నిలబడి ఆ మచ్చల మొహాన్ని తేరిపార చూసింది.

"అన్నా, నీకు సిన్నప్పుడే వచ్చిపాయె గద తల్లి?"

"ఔ" అన్నాడు మామ, ఉబ్బిన పెదవుల మధ్య నుంచి.

"మల్ల ఎట్లొస్తది?"

వేపమండలు తెస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మామ తన మొహం తడుముకున్నాడు, తర్వాత మోకాలు చూసుకున్నాడు, తర్వాత నావైపు చూశాడు. ఆ తర్వాత అందరూ కలిసి నాయినమ్మవైపు చూశారు.

నాయినమ్మ తొణకలేదు.

"మోకాలెట్లున్నది?" అంది.

మామ కాలు మడిచాడు, చాపాడు, మళ్లీ మడిచాడు.

"నొప్పి లేదు."

"గట్ల జెప్పు. నీకూ వానికీ జీడి పడది. గది జీడి తప్పు కాదు, తోలు తప్పు."

అవ్వ మాత్రం అప్పటికే లోపలికి వచ్చేసింది. నా మంచం మీది వేపాకంతా ఒక్క ఊపుతో ఊడ్చి పారేసింది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడిన చప్పుడు ఇంత బాగుంటుందని నాకు ముందు తెలియదు.

ఆ రెండు గింజల నూనెకు విరుగుడు కూడా నాయినమ్మకు తెలుసు. పెరట్లో కొత్తిమీర పీకి నూరి, రసం మా ఇద్దరికీ పూసింది. కొబ్బరి తినిపించింది. ఇద్దరం అరుగు మీద పచ్చటి మొహాలతో పక్కపక్కన కూర్చున్నాం.

"విరుగుడు ఎర్కె ఉంటె నాకు ముందే ఎందుకు పుయ్యలే?" అని అడిగాను.

"అప్పుడు తల్లి ఉండె గదరా" అంది నాయినమ్మ.

మామ సంగతి చూడండి. నాకు తల్లి పోసిందంటే తనకూ పోసినట్టే, వేపాకు మీద పడుకోవాలి, మూఢం వెళ్లేదాకా పత్తి బేరాలు మానుకోవాలి. నాది జీడి అయితేనే ఆయనది జీడి. అందుకని బస్సు దిగిన ప్రతి ఊళ్లోనూ ఆయనే నా తరఫు వకీలయ్యాడు. "పిలగాని మొకం మీద నా మొకమే సాక్ష్యం" అని మా బాపు ఎదుట చేతిలో చెయ్యి వేశాడు. లగ్గం నిలబడింది. అరిసెల పాకం మాత్రం గట్టిపడి రాయి అయింది. దాన్ని ఎవరు ఏం చేశారో నాకు తెలియదు.

లగ్గం నాటికి వాపు తీసింది, తోలు పొరలు పొరలుగా లేస్తోంది. అద్దంలో ఉడికిన చామగడ్డ కనిపించింది. నా పెండ్లి ధోతి అంచున చాకలాయన పెట్టిన జీడి గుర్తు, నా నుదుటి మీద నాయినమ్మ జీడి పెట్టిన గుర్తు. ఏ ఇంటి సరుకో తప్పిపోయే ప్రమాదం లేదు. ఫొటో తీసే అతను నన్నూ మామనూ చూసి, "అన్నదమ్ములు దగ్గరికి జరగండ్రి" అన్నాడు. ఆ రాత్రికి పందిట్లో దీపాలు ఎవరివంటే, భైంసా నుంచి వచ్చిన పెట్రోమాక్సులే. ఆ అబ్బాయి గాలి కొట్టి వెలిగించి, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు. మామ చెప్పింది నిజమే.

అయ్యగారు తెర పట్టించారు. జీలకర్ర బెల్లం తల మీద పెట్టాక తెర తీశారు. పిల్ల ఈసారి తల ఎత్తింది. నన్ను చూసింది. ఆ చూపులో భయం లేదు, జాలి కూడా లేదు. సంతలో వంకాయ తిప్పి చూసినట్టు చూసింది.

"నొస్తుందా?" అంది, పెదవి కదలకుండా.

"సగమే" అన్నాను.

ఆమె చూపు నా భుజం మీదుగా ముందు వరసలోకి పోయింది. అక్కడ మా నాయినమ్మ కూర్చుని ఉంది. ఆమె కొంగు ముడిలో చిన్న మూట. పక్కన ఎవరో పెద్దావిడ నడుము పట్టుకుని ఏదో చెప్పుకుంటుంటే, నాయినమ్మ శ్రద్ధగా తల ఊపుతోంది.

పిల్ల మళ్లీ తల వంచుకుంది.

"రేపు నాకు కాలు బెణికినా మీ ఇంట్ల చెప్ప."

నవ్వాను. పెదవి మీద మిగిలిన పొక్కు పగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యగారు అది పొగ వల్ల అనుకుని, హోమంలో జర నెయ్యి తగ్గించమన్నారు.